గంటా ఇరవై ఐదు నిమిషాలు

ముంబై నుంచి హైదరాబాదుకు ఆకాశం మీద ఆరువందల ఇరవై కిలోమీటర్లు. విమానంలో గంటా ఇరవై ఐదు నిమిషాలు. మా పెద్దబిడ్డ ఫోన్‌లో చూసి చెప్పిన లెక్క ఇది. లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క పట్టుకొని నేను అన్న మాటలో ఉన్నది తప్పు. ఆ మాట అన్నప్పుడు మా ఆయన పక్కనే ఉన్నడు, బిడ్డ ఉన్నది, మంచంలో అత్తమ్మ ఉన్నది. ఎవ్వరికీ తప్పనిపించలేదు. మా ఇంట్లో అప్పటిదాకా విమానం ఎక్కినోళ్ళు ఒక్కరూ లేరు.

మాది భివండి, నాగావ్. సాంచాలు, అంటే కరెంటు మగ్గాల షెడ్డు మీద రెండర్రల ఇల్లు. కింద సాంచాలు ఆడుతుంటే మీద గిన్నెలు సన్నగ వణుకుతుంటయి. కొత్తగా వచ్చినప్పుడు భూమి కదులుతున్నదని భయపడేదాన్ని. ఇప్పుడు కరెంటు పోయి సాంచాలు ఆగితేనే గుండె దడదడ అంటది. మా ఆయన జాబర్. సాంచా మొండికేస్తే దాని కడుపులో చెయ్యిపెట్టి బాగుచేసేటాయన. సిరిసిల్ల నుంచి పెండ్లయి ఇక్కడికొచ్చి ఇరవై ఆరేండ్లు. అన్నం పెట్టిన ఊరు. దీన్ని నేను ఎన్నడూ తిట్టలేదు.

ఇక్కడి నుంచి సిరిసిల్లకు మా తోవ ఒక్కటే. మా గల్లీ చివర మధ్యాహ్నం మూడింటికి ట్రావెల్స్ బస్సు ఎక్కుతం. తెల్లారి ఏడింటికి అక్కోళ్ళ వాడ మొదట్లో దిగుతం. పదహారు గంటలు. నడుమ మారేది లేదు, ఇంకో బండి వెతికేది లేదు. అందుకే మావోళ్ళలో ఎవరన్నా "ఎంతసేపు?" అనడిగితే బస్సు ఎంతసేపో అదే చెప్తం. ఇంటికి ఎంతసేపు, బండికి ఎంతసేపు అని మాకు రెండు లెక్కలు లేకుండె.

మా బాపు చేనేత మగ్గం నేసెటోడు. మేమిద్దరం ఆడపిల్లలమే, అక్క నాకంటే ఆరేండ్లు పెద్ద. నేను బడికి పోలేదు. బాపు మగ్గం గుంతలో కూసోని నేస్తూ పక్కన నన్ను కూసుండబెట్టుకొని నేలమీద సుద్దతోని అక్షరాలు దిద్దించిండు. ఆ టైంలో అక్క నూలు కండెలు చుట్టేది. నేనూ ఒక చెయ్యి వేస్తే ఆమెకూ నాలుగక్షరాలు వచ్చేవి. ఆమె ఎన్నడూ అడగలేదు, నాకూ తోచలేదు. "ఒక్కదానికన్న రానీ, ఇద్దరం బర్రెలమైతే బాపు ఏంజేస్తడు" అని నవ్వేది. ఇవ్వాళ నేను రెండు ముక్కలు రాస్తున్ననంటే అది ఆమె చుట్టిన కండెల పుణ్యం. పొద్దుగూకి మగ్గం దిగేటప్పుడు బాపు మగ్గాన్ని తాకి కండ్లకద్దుకొని "ఇయ్యాల్టికి ఇచ్చినవు" అనేటోడు. అమ్ముడుపోయిన రోజూ అదే మాట, నూలు లేక ఊరికె కూసున్న రోజూ అదే మాట. ఆ మాట నాకు అలవాటైంది. రోజూ సందెదీపం పెట్టినంక అంట.

బాపు, అవ్వ ఒకరెనుక ఒకరు పోయిండ్రు. అన్నదమ్ములు లేరు. తల్లిగారిల్లు అన్న మాటే మాకు లేకుండ పోయింది. అప్పుడు అక్కనే అన్నది: "నీకు నేను తల్లిగారిల్లు, నాకు నువ్వు తల్లిగారిల్లు. కథ ఒడిసింది." అన్నట్టే నడిపింది. నాకు ఒడిబియ్యం పొయ్యాలంటే పదహారు గంటల బస్సులో బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకొని వచ్చేది. ఐదు ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, ఖర్జూరాలు, ఒక చీర. దిగంగనే నడుం పట్టుకొని "ఈ సంచి నాకంటే మంచిగ పండుకున్నది" అనేది.

మూడేండ్ల కింద అక్క కిడ్నీలు పాడైనయి. అప్పటిదాకా ఒళ్ళో చాట పెట్టుకొని పొద్దంతా బీడీలు చేసినామె, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోవుడే పనైంది. అది చేయించుకొని వచ్చిన రోజు ఎండాకాలంలో కూడా చలి అనేది. రెండు దుప్పట్లు, కాళ్ళకు సాక్సులు, అయినా పండ్లు టకటక కొట్టుకునేవి. నేను పోయినప్పుడు ఆ కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకొని రుద్దుకుంట కూసుండేదాన్ని. అట్ల కూసున్న ఒకనాడు అన్నది:

"ఏమే, మీ బావకన్న నేనే ముందు పోత. ముత్తైదువ సావు. తల్లిగారి చీర నువ్వు తేవాలె."

"ఏం మాటలక్కా అవి?"

"మాటలు గాదు, పని చెప్తున్న. నీ చేత్తోని కప్పాలె. ఎవరితోనన్న పంపితే లేచి కూసుంట చూడు."

"కూసుంటే మంచిదే గదా. మోసెటోళ్ళు పాడె ఇడిసిపెట్టి ఉరుకుతరు."

నవ్వింది, నవ్వి దగ్గింది, దగ్గు ఆగినంక అన్నది: "జల్ది రా మరి. నాకు ఎదురుచూసుడు రాదు."

మాలో మొగడుండంగ పోయిన ఆడిదానికి తల్లిగారి చీర కప్పి, ఒళ్ళో బియ్యం పోసినంకనే పాడె లేస్తది. అత్తగారు ఎంత మంచి చీర కట్టినా అది లెక్కలోకి రాదు. తల్లిగారి తరఫున ఎవ్వరూ రాకుంటే దిక్కులేనిదోలె పోయింది అంటరు. అక్కకు ఆ దిక్కు నేనొక్కదాన్నే.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున, అయిదూ నలభైకి బావ ఫోన్ చేసిండు. నేను దేవుని పటం ముందర కూసోని దీపానికి వత్తి చేసుకుంటున్న.

"మరదలా, మీ అక్క పోయింది" అన్నడు.

వత్తి పూర్తిచేసి దీపం పెట్టిన. చెయ్యి అలవాటుగ చేసింది, నేను కాదు.

బిడ్డ లేచి ఫోన్ పట్టుకున్నది. చిన్నప్పటి నుంచి మరాఠీ బడి దానిది, తొందరైతే నాలుగు భాషలు కలుస్తయి. "అమ్మా, పదకొండున్నరకు డైరెక్ట్ ఫ్లైట్ ఆహే. ఆరువందల ఇరవై కిలోమీటరే. ఏక్ ఘంటా పచ్చీస్ మినిట్, బస్, అంతే." మా ఆయన టికెట్లు తియ్యమన్నడు. అప్పుడే మళ్ళ బావ ఫోన్. ఎనుక ఆడోళ్ళ ఏడ్పులు వినవస్తున్నయి.

"ఎప్పటికి వస్తరు మరదలా? ఐసు పెట్టె తెప్పియ్యాల్నా అని కులపోళ్ళు అడుగుతున్నరు."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టిన. పదకొండున్నర. గంటా ఇరవై ఐదు. అంటే ఒంటిగంట.

"ఒంటిగంటకల్లా ఉంటం బావా. మహా అయితే రెండు. ఐసు పెట్టె వద్దు. అక్కకు చలి పడది."

అదీ నేనన్న మాట.

బావ "సరే" అన్నడు. మా ఆయన మాత్రం చొక్కా వేసుకుంట ఒక్కసారి ఆగి, "శంషాబాద్ నుంచి సిరిసిల్ల ఎంతుంటదో" అన్నడు. "హైదరాబాదు వస్తే ఇంటికి వచ్చినట్టే గదా" అన్న నేను. భివండిలో ఉండెటోళ్ళకు అట్లనే అనిపిస్తది. బస్సు కిటికీలోకెళ్ళి తెలుగు బోర్డు కనవడంగనే దిగడానికి చెప్పులు వెతుక్కునెటోళ్ళం మేము. ఆ పొద్దున దేవుని పటానికి మొక్కి, విమానం చేసిన మనుషులను చల్లగ చూడు స్వామీ అనుకున్న. నిజంగనే అనుకున్న. ఎంత మంచి కాలంలో పుట్టిన్నో అనుకున్న.

చీర కావాలె. కట్టని చీర, మడత ఇప్పనిది. నిజాంపురాలో దుకాణాలు పది దాటితే గాని తెరవరు. ఈ ఊరంత గుడ్డనే. ఇరవై ఆరేండ్లు నా కండ్ల ముందర తాన్లకు తాన్లు నడిచిపోయినయి. అంతా రంగెయ్యని తెల్లగుడ్డ, ఎక్కడికో పోయి ఎవరికో చొక్కా అయ్యేది. ఆ గుడ్డల ఊర్లో ఆరింటికి ఒక చీర దొరకలేదు. బీరువా తెరిచిన. పోయినసారి ఒడిబియ్యంలో అక్క పెట్టిన చీర ఉన్నది. చిలకపచ్చ, మామిడిపండు రంగు అంచు. మంచిదని దాచిపెట్టుకున్న.

మంచంలోకెళ్ళి అత్తమ్మ చూస్తున్నది. "అది ఆమె పెట్టిందే గదనే. ఆమెది ఆమెకే పెడతవా?"

"ఇంకోటి లేదు అత్తమ్మా."

అత్తమ్మ చెయ్యి చాపి చీర అంచు తడిమి చూసింది. తర్వాత, "కట్టని చీర కట్టనిదే. తీస్కపో. బియ్యం కొలిచి పోసుకో, దోసిట్ల ఎత్తకు" అన్నది. సంచిలో బియ్యం, ఐదు కుడుకలు, పసుపు కొమ్ములు, ఖర్జూరాలు, మీద చీర పెట్టి మూతి కట్టిన. బిడ్డను అత్తమ్మ కాడ ఉంచి, ఏడింటికి నేనూ మా ఆయనా కిరాయి బండి ఎక్కినం.

మా ఇంటి నుంచి విమానం దగ్గరికి ముప్పై ఐదు కిలోమీటర్లంట. మానకోలి నాకా దగ్గర గోదాముల నుంచి వచ్చే కంటైనర్ లారీలు నాలుగు వరుసలుగ నిలబడ్డయి. ఒక్కొక్కటి ఒక ఇల్లంత ఉన్నది. మా బండి వాటి నడుమ చీమోలె ఇరుక్కున్నది. నేను కండ్లు మూసుకొని జపం చేసుకున్న. కండ్లు తెరిస్తే అదే లారీ, అదే నంబరు. ఆయన దిగి ముందుకు నడిచి చూసొచ్చి, "కదులుతది" అన్నడు. మళ్ళ దిగి చూసొచ్చి అదే అన్నడు. ముప్పై ఐదు కిలోమీటర్లకు రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. అప్పుడన్నా నాకు తట్టాలె. విమానం గంటా ఇరవై ఐదు అంటే తోవ గంటా ఇరవై ఐదు కాదని, దానికి ఇటొక తోక అటొక తోక ఉంటదని. తట్టలేదు. అందితే చాలు అనుకున్న.

లోపల సంచి వాళ్ళ చేతికిచ్చినం. కొంచెంసేపటికి మమ్మల్ని ఎనుకకు పిలిచిండ్రు. అక్కడున్న ఆడపిల్ల మా బిడ్డ ఈడుదే. సంచి మూతి ఇప్పమన్నది. అంతమంది ముందర అక్క చీర తీసి పక్కన పెట్టి, బియ్యంలో చెయ్యిపెట్టి కుడుకలు బయటికి తీసిన.

"ఆంటీ, యే నహీ జాయేగా. సూఖా నారియల్ మనా హై." ఎండుకొబ్బరి విమానంలో పోనియ్యరంట.

"పూజా కా హై బేటా" అన్న. ఎవరి పూజకు అని చెప్పలేకపోయిన.

"మాలూమ్ హై ఆంటీ. తేల్ హోతా హై ఇస్ మే. ఆగ్ పకడ్తా హై."

నూనె ఉంటది, అగ్గి పట్టుకుంటది. ఆ పిల్ల కోపంగ అనలేదు, మెల్లగ అన్నది, నా చెయ్యి కూడ పట్టుకున్నది. ఐదు కుడుకలు ఒక డబ్బాలో వేసింది. అగ్గి పట్టుకుంటదని తీసేసిండ్రు గదా, మరి అక్కను పెట్టేది దేంట్ల అనుకున్న. అనుకొని సంచి మూతి కట్టుకున్న.

మనుషులను తడిమి చూసే కాడ మా ఆయన జేబులో చిన్న కత్తెర దొరికింది. పోగులు కత్తిరించేది. ఆయన స్నానానికి పోయినా అది జేబులోనే ఉంటది. "ఇదెందుకు తెచ్చినవ్?" అని వాళ్ళు అడిగితే ఆయన చొక్కా జేబు చూసుకొని, "నేను తేలేదు సాబ్, ఇదే వచ్చింది" అన్నడు. వాళ్ళు నవ్విండ్రు. ఆయన నవ్వలేదు. ఆ కత్తెర అక్కడ పోయినంక ఆయన చెయ్యి పొద్దంతా జేబు కాడికి పోతనే ఉన్నది.

విమానం లేచింది. నాకు కిటికీ పక్కన సీటు. పదహారు గంటల తోవ కింద నుంచి జారిపోతున్నది. బస్సులో పోతే దుఃఖానికి కూడ జాగలుంటయి. ఘాటు ఎక్కేటప్పుడు కొంచెం ఏడుస్తం, చాయకు ఆపిన కాడ ముఖం కడుక్కుంటం, నాందేడ్ దాటినంక మళ్ళ ఏడుస్తం. దిగేటప్పటికి మనిషి కొంచెం నెమ్మదిస్తది. ఇక్కడ బెల్టు కట్టుకున్న, మబ్బులు చూసిన, నీళ్ళు ఇచ్చిండ్రు, దిగుతున్నమన్నరు. ఏడ్వడానికి తోవ చాలలేదు. కిందికి చూస్తే ఊర్లు గోరంత గోరంత. వాటిలో ఏ ఊరి మీద ఉన్నప్పుడు అక్కకు స్నానం పోస్తున్నరో అనుకున్న.

చెప్పిన టైంకు ఒక ఇరవై నిమిషాలు ఆలస్యంగ దిగినం. ఫోన్ ఆన్ చెయ్యంగనే బావ.

"దిగినం బావా."

"దిగిండ్రా?" ఆయన గొంతులో పానం వచ్చింది. "ఎక్కడ, చౌరస్తా కాడనా? మనిషిని పంపాల్నా?"

"శంషాబాద్ బావా."

పక్కనోళ్ళకు "శంషాబాదంట" అని చెప్పి ఫోన్ పెట్టేసిండు. సంచి వచ్చేవరకు, బయటికి నడిచేవరకు, బండి దొరికేవరకు ఇంకో నలభై నిమిషాలు. బండి తోలేటాయన మా ముఖాలు చూసి సంచి తానే ఎత్తిపెట్టుకున్నడు. సిరిసిల్ల అనంగనే చెయ్యి గడియారం చూసుకున్నడు.

"మూడున్నర గంటలమ్మా. ఊరు దాటుడు అల్కగ అయితే."

"హైదరాబాదు వచ్చినం గదా అన్నా" అన్న నేను పిచ్చిదానోలె.

"ఇది హైదరాబాదుకు ఈ కొస అమ్మా. మీది ఆ కొస గూడ దాటి పోవాలె."

మా ఆయన నా దిక్కు చూడలేదు. ఆయన ఆ పొద్దున అడిగిన మాట నాకు యాదికొచ్చింది, ఆయనకూ వచ్చి ఉంటది. ఇప్పటిదాకా ఒక్కనాడు ఎత్తిపొడవలేదు. దానికి ఆయనకు రుణపడి ఉన్న.

బావకు నేనే చెప్పిన, అయిదున్నర అయితదని. "అయిదున్నరనా" అన్నడు, అంతే.

మాఘమాసమే అయినా ఎండ మే నెలోలె కొడుతున్నది. బండిలో ఏసీ చల్లగ తగులుతుంటే నాకు సిగ్గనిపించింది. బంద్ చెయ్యమన్న. అక్క డయాలసిస్ మనిషి, ఒంటి నిండ నీళ్ళు. పొద్దుగాల నుంచి వాకిట్లో, షామియానా కింద. నేను వద్దన్న ఐసు పెట్టె లేకుండ.

సిద్దిపేట ఇంకా రాలేదు, మూడున్నర దాటింది. మళ్ళ ఫోన్.

"మరదలా, పెద్దమనుషులు ఇంక ఆగలేమంటున్నరు. ముక్కులకెళ్ళి నీళ్ళు వస్తున్నయి. పొట్ట ఉబ్బింది."

"ఐసు పెట్టె తెప్పియ్యి బావా ఇప్పుడన్న."

"ఇప్పుడు పెట్టినా లాభం లేదంటున్నరు. పొద్దుగాలనే పెడితే ఆగుతుండె."

ఆ మాటలో నన్ను అన్నది ఏం లేదు. కానీ అన్నట్టే.

బావ మళ్ళ అన్నడు: "మన పక్కింట్ల బీడీలు చేసేటామె లేదా, మీ తల్లిగారి ఇంటిపేరే ఆమెది. చుట్టం గాకున్నా ఇంటిపేరు కలిస్తే చాలంటున్నరు. నువ్వు సరే అంటే ఆమెతోని చీర తెప్పిస్త. వద్దంటే ఆగుత. ఎవ్వరేమన్నా ఆగుత. మీ అక్క నాకు చెప్పింది, నువ్వే కప్పాలె అని. నువ్వు చెప్పు."

బండి తోలేటాయన పాట బంద్ చేసిండు. ఒళ్ళో సంచి ఉన్నది, ఆ సంచి మీద నా చేతులున్నయి. ఆగమంటే బావ ఆగుతడు. ఆడోళ్ళు ముక్కుకు కొంగు పెట్టుకొని దూరం జరుగుతరు. మోసెటోళ్ళు ముఖం తిప్పుకుంటరు. ముప్పై ఏండ్లు ఎవ్వరి ముందరా చెదరిన కొంగుతోని నిలవడనామె ఆ వాడ మొత్తం ముందర రెండు గంటలు అట్ల పండుకుంటది, నేను మాట తప్పలేదని చెప్పుకునేటందుకు. పొద్దున నా మాట మీదనే ఆమెను ఎండలో పెట్టిండ్రు. ఒక్కరోజుకు నా మాట ఒకటి చాలు.

"కానియ్యి బావా" అన్న.

"నిజంగనా?"

"కానియ్యి. అక్క చెవిల ఒక మాట చెప్పు."

"ఏమని?"

"తోవల ఉన్నదని చెప్పు."

ఆయన ఫోన్ పెట్టేసిండు. నేను చీర మీద తల ఆనిచ్చిన. అప్పుడు ఏడుపు వచ్చింది, విమానంలో రానిది. మా ఆయన నా వీపు మీద చెయ్యి వేసి సిరిసిల్ల దాకా తియ్యలేదు.

మేము వాడ మొదట్లో దిగేటప్పటికి అయిదూ ముప్పై అయిదు. బస్సు దించే కాడనే దించిండు. మానేరు దిక్కు నుంచి మగోళ్ళు తడి బట్టలతోని వరుసగ వస్తున్నరు. బావ అందరికన్న ఎనుక ఉన్నడు. నన్ను చూసి నిలవడ్డడు. గడప ముందర పెట్టిన నీళ్ళతోని కాళ్ళు కడుక్కొని లోపలికి పోయిండు. వాకిట్లో షామియానా ఇప్పుతున్నరు. ఆమెను పండుకోబెట్టిన జాగ అలికిండ్రు, ఇంకా తడిగ ఉన్నది.

పక్కింటామె అరుగు మీద కూసున్నది. అక్కకన్న పెద్దది, వేళ్ళ కొసలు బీడీ ఆకుకు నల్లబడి ఉన్నయి. అక్క పక్కన చాట పెట్టుకొని కూసునేటామె. ఇదివరకు నేను పోయినప్పుడల్లా నవ్వుడే గాని మాట్లాడింది లేదు.

"ఏ రంగు చీర?" అనడిగిన. అదే మొదలు వచ్చింది నోట్లకు.

"పసుపచ్చ. దుకాణంల అదే మంచిగనిపిచ్చింది. తప్పైందా చెల్లె?"

"తప్పు నీది గాదక్కా."

"కప్పేటప్పుడు నీ చెల్లె పంపింది అని చెప్పిన. రెండుసార్లు చెప్పిన."

"ఎవరితోనన్న పంపితే లేచి కూసుంట అన్నది నాతోని."

ఆమె నా ముఖంలోకి చూసింది. "లేవలేదమ్మా" అన్నది.

నేను సంచిలోంచి చిలకపచ్చ చీర తీసి ఆమె ఒళ్ళో పెట్టిన. నా జాగలో నిలవడ్డవు, నువ్వే ఉంచుకో అన్న. ఆమె పాము మీద పడ్డట్టు లేచింది. "సచ్చినోళ్ళకని గడప దాటిన చీర నేనెట్ల కడత? బతికినోళ్ళు కట్టద్దు, మళ్ళ ఇంటికి తీస్కపోవద్దు. ఏమన్న చెయ్యి, ఎనుకకు మాత్రం తీస్కపోకు." ఆమె అన్నది నిజమే. ఆ చీర, ఆ కుడుకలు లేని బియ్యం ఎవ్వరికీ కాకుండ అరుగు మీద మూడొద్దులు ఉన్నయి. ఇంట్లోకి తేనియ్యలేదు. నేను పోతుంట వస్తుంట చూసిన.

ఆ మూడు సందెలు దీపం పెట్టిన గాని బాపు మాట నోటికి రాలేదు. దేవుడు తప్పు చేసిండని కాదు. నేనడిగినంత మంచి విమానం ఇచ్చిండు, మంచి మొగణ్ణి ఇచ్చిండు, చెయ్యి పట్టుకున్న పిల్లను ఇచ్చిండు, బండి తోలేటాయనను ఇచ్చిండు. అన్నీ ఇచ్చినంక కూడ నేను అందకపోతిని. అందుకని నోరు లేవలేదు.

మూడోనాడు బూడిదలకెళ్ళి అక్క బొక్కలేరిండ్రు. కొత్త ముంతలో పోసి మూతికి తెల్లగుడ్డ కట్టబోయిండ్రు. నేను అరుగు మీది చీర తెచ్చి ముందర నిలవడ్డ. ఒక పెద్దమనిషి, "ముంతకు చీరేందమ్మా, చూసినోళ్ళు నవ్వుతరు. తెల్లగుడ్డ కట్టాలె" అన్నడు.

బావ మూడొద్దుల నుంచి ఎవ్వరికీ ఎదురు మాట్లాడలేదు. "కట్టనియ్యి" అన్నడు. "మీ అక్క దాని కోసమే ఒక పొద్దంతా ఎదురుచూసింది."

మడత ఇప్పిన. ముంతను నడుమ పెట్టి నా చేత్తోని కప్పిన, నాలుగు చుట్లు. పైన దోసెడు బియ్యం పోసిన. కొంగు చివర రెండు పోగులు లాగి, నాకు ఏడేండ్లప్పుడు అక్క నేర్పిన ముడి వేసిన. మగ్గం మీద తెగిన పోగు అతికే ముడి అది, కంటికి కనవడది. నేను ఎన్నిసార్లు తప్పు వేసినా "మళ్ళెయ్" అని ఇప్పి ఇచ్చేది. ఈసారి ఇప్పెటోళ్ళు లేరు.

ధర్మపురి కాడ గోదావరిలో నీళ్ళు మోకాళ్ళ దాకనే ఉన్నయి. నడిచి నడిచి నడుం లోతుకు పోయినం. బావ ముంతను నా చేతికిచ్చిండు. ఇడిసిపెడితే వెంటనే మునగలేదు. చీరలో గాలి నిండి బుస్సున ఉబ్బి, నీళ్ళ మీద చిలకపచ్చగ కొంచెం దూరం పోయింది. "లేచి కూసున్నది" అనుకున్న. అప్పుడు మునిగింది. "ఇయ్యాల్టికి ఇచ్చినవు" అన్న మాట నోట్లోకెళ్ళి అదే వచ్చింది. ఏమిచ్చిండని నన్ను నేను అడగలేదు. అడిగితే చెప్పలేకపోతును.

పెద్దకర్మ అయినంక బస్సుకే వచ్చినం. బావ వాడ మొదటి దాకా వచ్చిండు. ఈ పన్నెండొద్దుల్లో ఆయన నన్ను ఐసు పెట్టె సంగతి అడగలేదు, నేను ఎత్తలేదు. సామాను ఎక్కించినంక కిటికీ కాడికి వచ్చి అలవాటుగ అడిగిండు:

"రేపు ఎన్నింటికి చేరుతరు?"

మా ఆయన "పొద్దున ఏడు" అని అనబోయిండు. నేను ఆయన చెయ్యి పట్టుకున్న.

"చేరినంక ఫోన్ చేస్తం బావా" అన్న.